నెమ్మదిగా పెరగాల్సిన కుక్క

పాచిపెంట పైన కొండల్లో నాకు ఉద్యోగం వచ్చి అప్పటికి రెండేళ్లు. పశుసంవర్ధక సహాయకురాలిని. మేకలకి టీకాలు వేయడం, దూడలకి నట్టల మందు తాగించడం, కోళ్లు వరసగా చస్తుంటే పై అధికారులకి కబురు పెట్టడం నా పని. డాక్టర్ని కాను. కానీ చుట్టుపక్కల ఊళ్లన్నిటిలోనూ నన్ను డాక్టరమ్మ అనే పిలిచేవారు. మొదట్లో కాదని చెప్పేదాన్ని. తర్వాత చెప్పడం మానేశాను. ఆ పిలుపు చెవికి బాగానే ఉండేది.

కుక్కపిల్లని తెచ్చింది మా అన్నయ్య. సాలూరులో ఉంటాడు, లారీ నడుపుతాడు. ఎవరి ఇంటి ముందో నిలువెత్తు కుక్కని చూసి ముచ్చటపడి, అదే జాతి పిల్లని ఇంటికి తెచ్చుకున్నాడు. గ్రేట్ డేన్. వదిన పది రోజులు ఓపిక పట్టి, "ఇది మంచమంత అయ్యాక మనం ఎక్కడ పడుకోవాలి?" అని అడిగింది. పదకొండో రోజు అన్నయ్య దాన్ని అరటిపళ్ల బుట్టలో పెట్టుకుని కొండెక్కి నా గదికి వచ్చాడు.

"నీకు పశువుల సంగతి తెలుసు కదా. నీ దగ్గరయితే బాగా బతుకుతాది" అన్నాడు.

నాకూ అలాగే అనిపించింది. ఊరందరి గొడ్డూ గోదా చూసేదాన్ని, ఒక్క కుక్కపిల్లని చూసుకోలేనా అనుకున్నాను.

నా గదికి ఆనుకునే ఒక ముసలావిడ ఇల్లు. కొండవాలులో సామలు, చోడి అనే రాగులు పండించుకునేది, నాలుగు మేకలు ఉండేవి. ఒక్కతే మనిషి. నేను మామ్మా అనేదాన్ని. కుక్కపిల్ల వచ్చిన రోజు గుమ్మంలో కూర్చుని దాని కాళ్లు పట్టి చూసింది.

"ఓలమ్మ, ఏటీ కాళ్లు? గుంటడు రేపు ఏనుగైపోతాడేటి?" అంది.

అప్పటినుంచి ఆమెకి అది గుంటడే, అంటే కుర్రాడే. ఆమె అలా పిలిచి పిలిచి నాకూ అది 'వాడు' అయిపోయాడు.

వాడిని బాగా పెంచాలని నేను చేసిందంతా తప్పే. ఇది ఇప్పుడు రాయడం సులువు. అప్పుడు మాత్రం పొద్దున్నే చోడంబలిలో రెండు గుడ్లు కొట్టి పోసేదాన్ని. మధ్యాహ్నం అన్నంలో కోడి మెడలు. మళ్లీ సాయంత్రం అన్నం. దాని మీద కాల్షియం మందు, ఈనిన గేదెలకి పట్టే తెల్లటి సీసా మందే. ఎదిగే ఒళ్లు కదా, ఎముక గట్టిపడాలి కదా అనుకున్నాను. వారం వారం వాడి ఎత్తు గోడ మీద బొగ్గుతో గీసేదాన్ని. సంతకి తీసుకెళ్తే జనం మూగేవారు. "డాక్టరమ్మా, ఇది కుక్కా, దూడా?" అని అడిగితే నాకు గర్వంగా ఉండేది.

ఐదో నెలలో ముందుకాళ్లు వంగడం మొదలైంది. మణికట్టు దగ్గర కీలు లావెక్కింది, పాదాలు బయటికి తిరిగిపోయాయి. నిలబడితే చక్రం విరిగిన గుర్రపు బండిలా ఒక పక్కకి ఒరిగేవాడు. కాల్షియం చాలలేదనుకుని ఇంకో మూత ఎక్కువ పోశాను. వారానికి పరిగెత్తడం మానేశాడు. అప్పుడు సాలూరు తీసుకెళ్లాను.

అక్కడి పశువుల డాక్టరు గారు పెద్దాయన. వాడి కాళ్లు తడిమి, నడిపించి చూసి, నేను ఏం పెడుతున్నానో అడిగారు. చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"దూడ ఎంత బేగి పెరిగితే అంత మంచిదని నీకు నేర్పారమ్మా. ఇది అలాంటి జీవి కాదు. ఎంత పెద్దదవ్వాలో దీని ఒంట్లోనే రాసి ఉంటుంది. నువ్వు తక్కువ పెట్టినా అంతే అవుతుంది, కాస్త ఆలస్యంగా అవుతుంది. ఆ ఆలస్యమే దీనికి ఆరోగ్యం. నువ్వు తొందరపెట్టావు. ఒళ్లు ముందు పరిగెత్తింది, ఎముక దాన్ని మోయలేకపోయింది."

"ఇప్పుడు ఏం చేయమంటారు?"

"కాల్షియం ఆపేయి. తిండి తగ్గించు. పక్కటెముకలు వేళ్లకి తగలాలి. మెట్లెక్కించకు, దూకనివ్వకు. పూటకి కాస్త చొప్పున పెట్టు, తిన్నాక గంటసేపు కదలనివ్వకు. ఛాతీ లోతుగా ఉండే కుక్కలివి. ఒక్కసారే కడుపు నిండా తిని గెంతితే కడుపు మెలి తిరిగిపోతుంది."

"కాళ్లు బాగవుతాయా?"

"కొంత" అన్నారు.

కొంతే అయ్యాయి. ఎడమ కాలు చక్కబడింది. కుడి పాదం ఎప్పటికీ బయటికే తిరిగి ఉండిపోయింది. వెనక తుంటి కీళ్లు వదులుగా ఉన్నాయని, వయసు మీద పడ్డాక అవి బాధపెడతాయని కూడా ఆయన ముందే చెప్పారు. తెలిసి కూడా చేయగలిగింది లేని విషయాన్ని మోస్తూ కొండెక్కాను.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాను. గది ముందు మెట్ల మీద చెక్కలు వేయించి వాలుగా చేశాను. చలికాలం సిమెంటు నేల వల్ల మోచేతుల దగ్గర కాయలు కాచి పుండ్లు పడుతుంటే, గోనెసంచుల్లో గడ్డి కుక్కి పరుపు కుట్టాను. గోళ్లు పెరిగితే పాదం ఇంకా వంకరపోతుందని పదిహేను రోజులకోసారి కత్తిరించేదాన్ని. నెలకోసారి చింతపండు కొనే డిపోకి తీసుకెళ్లి బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టేదాన్ని. అక్కడి గుమస్తా, వాడూ ఒక చింతపండు బస్తా అయినట్టు, ప్రతిసారీ "గింజ తీసిందా, తియ్యందా?" అని అడిగి నవ్వేవాడు.

బరువు నేను అనుకున్నట్టు ఉండేది కాదు. నేను కొలిచి పెడుతున్నాను, వాడు పెరుగుతున్నాడు. రెండు నెలలు ఎందుకో అర్థం కాలేదు. ఒకరోజు టీకాల క్యాంపు తొందరగా ముగించుకుని వచ్చేసరికి మామ్మ తన వాకిట్లో వాడి ముందు కూర్చుని ఉంది. ఆమె కంచంలో సామ అన్నం, సగం ఆమె వైపు, సగం వాడి వైపు.

"మామ్మా, ఏటి సేత్తన్నావు? పెట్టొద్దని సెప్పేను కదా!"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎముకలు కనిపించేత్తన్నాయమ్మీ. ఎదురుగా కూకుని నా నోట్లోకే సూత్తాడు. ఆకలితో సూత్తంటే నానెలగ మింగను?"

"అది ఆకలి కాదు, ఆశ. లావైతే కాళ్లు ఇరిగిపోతాయి."

"తిండి తింటే కాళ్లిరిగిపోతాయా?" అంది. ఎగతాళిగా కాదు. నిజంగా అడిగింది.

ఆమె జీవితంలో తిండి లేక కాళ్లు చచ్చుబడ్డ పశువుల్నీ మనుషుల్నీ చూసింది. ఎక్కువ తిండి వల్ల చెడిపోయిన ఒళ్లు ఆ కొండల్లో ఆమె ఎక్కడ చూస్తుంది? వాడి వంకర పాదం చూపించి, అది నేను ఎక్కువ పెట్టబట్టే వచ్చిందని చెప్పాను. ఆమె నా మొహం చూసింది. "నువ్వు పెట్టినప్పుడు ముద్దుగా ఉండేవోడు" అంది.

ఆ తర్వాత ఒక ఒప్పందానికి వచ్చాం. రోజుకి ఒక ముద్ద, నిమ్మకాయంత, ఆమె చేతితో. ఆ ముద్ద రోజూ కాస్త కాస్త పెద్దదవుతూ ఉండేది. నేను చూసీ చూడనట్టు నా కొలతలో అంత తగ్గించేదాన్ని.

వాడి మూడో ఏడు వానల్లో నెత్తురు తాగే గోమార్లు విపరీతంగా పట్టాయి. రోజూ చెవుల సందుల్లో, వేళ్ల సందుల్లో వెతికి తీసేదాన్ని, మందు రాసేదాన్ని. అయినా జ్వరం వచ్చింది. చిగుళ్లు సున్నంలా తెల్లబడ్డాయి. ఇంజక్షన్లు నేనే చేశాను. నాలుగు రోజులు వాడు తల ఎత్తలేదు. మామ్మ పక్కనే కూర్చుని కొంగుతో ఈగలు తోలింది, తన దేవతకి కోడిని మొక్కుకుంది. వాడు లేచి నిలబడ్డ రోజున ఆ మొక్కు తీర్చింది. బతికించింది నా మందా, ఆమె కోడా అని మేం ఎప్పుడూ వాదించుకోలేదు.

ఐదేళ్లు నిండేసరికి వెనకకాళ్లు పట్టేశాయి. పొద్దున్నే లేవడానికి నడుం కింద తువ్వాలు వేసి ఎత్తాల్సి వచ్చేది. నొప్పికి మాత్రలున్నాయి, రోజూ వేస్తే కడుపులో పుండ్లు పడతాయి. వేయకపోతే మూలిగేవాడు. ఒకరోజు వేసి ఒకరోజు మానేసేదాన్ని. మానేసిన రోజు వాడి వైపు చూడకుండా పనికి వెళ్లిపోయేదాన్ని. "ఎంత బాగా చూసుకున్నా ఈ జాతికి ఏడెనిమిదేళ్లమ్మా" అన్నారు డాక్టరు గారు. ఆ మాట మామ్మకి చెప్పలేదు.

ఆ ఏడు సామ కొత్త పండగ. కొత్త సామ వండి దేవతకి పెట్టేదాకా అక్కడ ఎవరూ దాన్ని నోట పెట్టరు. పెట్టాక మాత్రం ఎవరినీ పస్తు ఉంచరు. నేను పై ఊళ్లో మేకల టీకాలకి వెళ్లాల్సి వచ్చింది. పొద్దున వాడికి మాత్ర వేసి, కొలిచి పెట్టి, తాడుతో కట్టి వెళ్లాను. మధ్యాహ్నం ఫోను మోగింది. మామ్మ పక్కింటివాళ్ల ఫోనులోంచి మాట్లాడుతోంది.

"బేగి రా అమ్మీ. గుంటడు కక్కలేకపోతన్నాడు."

నేను వచ్చేసరికి వాకిట్లో నిలబడి ఉన్నాడు, పడుకోలేక. నోటినుంచి చొంగ తాళ్లుగా కారుతోంది. కక్కబోతున్నాడు, ఏమీ రావడం లేదు. కడుపు ఉబ్బి, వేలితో కొడితే ఖాళీ డబ్బాలా మోగింది. పండగని మామ్మ వాడి కట్టు విప్పింది. కొత్త సామ అన్నం, మేకమాంసం కంచం నిండా పెట్టింది. మాత్ర వేసిన రోజు కదా, నొప్పి లేదు. తిని, డప్పుల వెంట ఊరి చివరిదాకా పరిగెత్తాడట.

"ఎన్నాళ్లకో పరిగెట్టినాడు. నవ్వుకున్నాం అందరం" అంది మామ్మ.

డాక్టరు గారికి ఫోను చేశాను. కడుపు మెలి తిరిగిందని, ఆపరేషన్ తప్ప దారి లేదని, అది విశాఖపట్నంలోనే అవుతుందని అన్నారు. "ముందు ఇక్కడికి తీసుకురా. లావు సూది ఉందా? మోగే చోట గుచ్చి గాలి తియ్యి. అంతవరకు ఆగుతాడు."

ఉబ్బిన పశువులకి ఎన్నిసార్లు గుచ్చానో లెక్కలేదు. ఆ రోజు మోగే చోటు రెండుసార్లు తడిమి చూసుకున్నాను. మామ్మ వాడి తల పట్టుకుంది. సూది దిగగానే గాలి బుస్సుమని వచ్చింది. వాడు ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసి నా వైపు చూశాడు. బాగైపోయాననే అనుకున్నట్టున్నాడు.

పండగ మనుషులతో సాలూరు దిగడానికి సిద్ధంగా ఉన్న జీపుని ఆపాను. డ్రైవరు చూసి, ఇంకేమీ అడగకుండా వెనక కూర్చున్నవాళ్లని దింపేశాడు. వాళ్లే నలుగురూ కలిసి వాడిని ఎత్తి పెట్టారు. మామ్మ చెప్పుల్లేకుండానే ఎక్కేసింది. జీపులో ఎక్కితే కళ్లు తిరుగుతాయని సంతకి కూడా నడిచి వెళ్లే మనిషి.

నాలుగు మలుపులు దిగేసరికి కడుపు మళ్లీ ఉబ్బింది. మళ్లీ గుచ్చాను. ఈసారి గాలి కొంచెమే వచ్చింది, తర్వాత రక్తం. డాక్టరు గారికి ఫోను చేద్దామంటే ఘాట్‌లో సిగ్నల్ లేదు. వాన వెలిసిన రోడ్డు, గుంతలు. డ్రైవరు ఎంత జాగ్రత్తగా నడిపినా ప్రతి గుంతకీ వాడు మూలిగాడు. "మెల్లగా" అనేదాన్ని, మళ్లీ "బేగి పోనీ" అనేదాన్ని. అతను రెండింటికీ "అలాగే మేడమ్" అన్నాడు. చేతిలో సూది, సంచి నిండా మందులు. ఒక్కటీ వాడికి పనికొచ్చేది కాదు.

మామ్మ వాడి ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి ఉంచింది. ఎంతసేపో అలాగే ఉంచింది. తర్వాత తీసేసింది.

"ఎలిపోనాడు" అంది.

డ్రైవరు వినలేదు, లేదా వినిపించుకోలేదు. ఇంకో రెండు మలుపులు దిగాక నేనే ఆపమన్నాను. అతను దిగి, చూసి, జీపుని వెనక్కి తిప్పాడు. వాడిని మామ్మ సామ చేను గట్టు పక్కన పాతిపెట్టాం. ఎక్కడ అని ఎవరూ అడగలేదు, ఆమె వెళ్లి అక్కడ నిలబడింది.

తర్వాత డాక్టరు గారిని కలిసినప్పుడు, అన్నం వల్లేనా అని అడిగాను. "అయ్యుండొచ్చు. కాకపోనూవచ్చు. కొలిచి పెట్టినవాటికీ వచ్చేస్తుంది" అన్నారు. ఆ మాటలో రెండో సగం మాత్రమే మామ్మకి చెప్పాను. ఆమె చేటలో సామలు చెరుగుతూనే ఉంది. ఆ తర్వాత మా వాకిళ్లు ఆనుకునే ఉన్నా చాలా రోజులు మాటల్లేవు. నాకు కోపం లేదని ఆమెకి చెప్పాలనుకునేదాన్ని. కానీ కోపం ఉండేది. ఆమె మీదా ఉండేది, ఆ తెల్ల సీసా మీదా ఉండేది, కట్టేసి వెళ్లిన నా మీదా ఉండేది.

చలి మొదలయ్యాక ఒక పొద్దున ఆమె తన మేకని తాడుతో పట్టుకొచ్చింది. గిట్ట కుళ్లింది. నేను కడిగి మందు రాస్తుంటే ఆమె మేక తల పట్టుకుంది. కట్టు కట్టడం అయ్యాక అడిగింది.

"అమ్మీ, గుంటడికి బాగా నొప్పి పుట్టిందా?"

లేదని చెప్పొచ్చు. జీపులో తనూ ఉంది, అన్నీ విన్నది. లేదంటే నమ్మదు.

"పుట్టింది మామ్మా" అన్నాను.

ఆమె తల ఊపింది. మేక మళ్లీ ఎప్పుడు తేవాలని అడిగింది. ఎల్లుండి అన్నాను. తాడు చేతికి చుట్టుకుని, మేక కుంటుతుంటే దానికి తగ్గట్టు మెల్లగా నడుచుకుంటూ తన వాకిట్లోకి వెళ్లిపోయింది.