చెవి పక్కన కుర్చీ

గుసగుసల ఆంటీని పరీక్ష మధ్యలో కుర్చీతో సహా బయటికి గెంటేశారట. పిల్ల చెవిలో జవాబులు ఊదుతూ సైన్స్ మాస్టారికి అడ్డంగా దొరికిపోయిందట. వరండాలో గోడ వైపు తిరిగి కూర్చుని, ఏడుస్తూ, తనలో తను ఏదో గొణుక్కుంటూ ఉందట. ఈ కబురు మధ్యాహ్నం బడి వంటగదిలో పుట్టింది. సాయంత్రానికి బట్టలుతికే దుకాణం చేరింది. చీకటి పడేలోగా తెలుగు మాట్లాడే ప్రతి ఇంటి తలుపూ తట్టింది. ఈ ఊళ్ళో బస్సులు కూడా అంత వేళకు రావు.

కబురు మోసింది పరాయివాళ్ళు కాదు, స్వయానా ఆమె తోడికోడలు. బడి వంటగదిలో ప్లేట్లు కడిగే పని ఆవిడది. "నా కళ్ళతో చూశానమ్మా, నేనేమైనా చాడీలు చెప్పేదాన్నా?" అని మొదలుపెట్టి, చాడీ పూర్తయ్యాక "ఎవరితోనూ అనకు, మా ఇంటి పరువు" అని ముగించేది. అలా ఆ పరువును ఇంటింటికీ తనే పంచింది.

గుసగుసల ఆంటీ అంటే పెద్ద బడిలో, ఇంగ్లీషు ఇంకా రాని పిల్లల పక్కన కూర్చునే మనిషి. ఆ ఉద్యోగానికి బడివాళ్ళు పెట్టిన పేరు చాలా పొడుగు. మెడలో వేలాడే కార్డు మీద సగమే పట్టింది. మిగతా సగం ఏమిటో ఆమెకూ తెలియదు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

పెళ్ళై ఈ పరాయి దేశపు ఊరు వచ్చినప్పుడు ఆమెకూ ఇంగ్లీషు అంతంతమాత్రమే. దుకాణాల్లో, ఆసుపత్రి వరసల్లో నిలబడి చెవులు రిక్కించి నేర్చుకుంది. నేర్చుకున్నాక ఇరుగుపొరుగుకు నాలుక తనే అయింది. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా డాక్టరు ముందు పక్క కుర్చీ ఆమెదే. "కాస్త నొప్పిగా ఉందని చెప్పమ్మా" అని రోగి అంటే, ఆమె డాక్టరుతో "ప్రాణం పోతోందంటోంది" అనేది. అలా అనకపోతే వాళ్ళు తల కూడా ఎత్తరని ఆమె నమ్మకం. ఒకసారి ఒక పెద్దాయన పంటి నొప్పి కోసం వెళ్ళి, మంచం మీద పడుకుని గుండె పరీక్ష చేయించుకుని మరీ వచ్చాడు. పన్ను మాత్రం అలాగే ఉంది. అయినా మర్నాడు ఆయనే నలుగురితో అన్నాడు: "ఆ అమ్మాయి మాట్లాడితే మన జబ్బుకి విలువొస్తుందయ్యా!"

అలాంటి మనిషిని బడి పిలిచి ఉద్యోగం ఇవ్వదూ మరి?

ఆ బడి గుమ్మంలో రంగు కాగితాల మీద "స్వాగతం" అని అన్ని భాషల్లో రాసి పెట్టారు. తెలుగు కాగితాన్ని తలకిందులుగా అతికించారు. అతికించినవాళ్ళకు తేడా తెలియలేదు. తేడా తెలిసిన ఆంటీ, కొత్తలో మనకెందుకులే అని ఊరుకుంది. స్వాగతం గుమ్మం దగ్గరే అయిపోయేది. లోపలికి వెళ్ళాక భాష రాని పిల్లలందరికీ ఒక చిన్న గది ఉండేది, అందులో రంగు పెన్సిళ్ళు ఉండేవి.

నిరుడు శీతాకాలంలో అక్కడికి ఒక కొత్తమ్మాయి వచ్చింది. పద్నాలుగేళ్ళది. తల్లి ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనికి కుదిరింది. ఆ పిల్లకు ఇంట్లో పాడైన టార్చిలైటు కనిపిస్తే చాలు, విప్పి ముందేసుకుని కూర్చుంటుంది. కరెంటు పని నేర్చుకోవాలని ఆశ. బడిలో మాత్రం మొదటి రోజే చేతికి కప్ప బొమ్మ ఇచ్చి రంగు వెయ్యమన్నారు. కప్ప లోపల ఏ భాగం ఎక్కడుంటుందో గీసి చూపించగల పిల్ల, బుద్ధిగా పచ్చరంగు వేసింది. చిన్న గది మేడమ్ ఆ బొమ్మను మురిపెంగా గోడకు అంటించింది.

సైన్స్ పాఠాలకు మాత్రం అందరితో కలిపి కూర్చోనిచ్చారు, ఆంటీ పక్కనుంటే. ఆంటీ తన కుర్చీని పిల్ల కుర్చీకి రవ్వంత వెనకగా జరుపుకుని, ఎడమ చెవి దగ్గర నోరు పెట్టేది. ఇక మాస్టారు గొంతు సవరించుకోవడమే తడవు, ఇటు తెలుగు మొదలు. అందులో ఆమెకు ఎంత నేర్పంటే, మాస్టారి వాక్యం చివరికొచ్చేలోపే ఆమె వాక్యం అయిపోయేది. పాఠంతో ఆగేదా? వెనక బెంచీవాడికి పడే తిట్లూ, కిటికీ మూయమన్న మాటా, అన్నీ చెవిలో పడాల్సిందే. మాస్టారు జోకు వేస్తే అదీ విడమరిచి చెప్పి, "ఇప్పుడు నవ్వు" అనేది. పిల్ల నవ్వేది. తరగతి అంతా నవ్వడం ఆపాక నవ్వడం వల్ల, దానికి కాస్త తిక్క ఉందేమోనని తోటిపిల్లలు అనుకున్నారు.

మాస్టారు మంచివాడే. అందరినీ పలకరించేవాడు. ఆ పిల్లను కూడా పలకరించేవాడు, ఆంటీ మొహం చూస్తూ.

"ఆ అమ్మాయికి అర్థమైందా?"

"శుభ్రంగా అర్థమైంది సార్!"

"చాలా సంతోషం."

ఇద్దరూ సంతోషించేవారు. మూడో మనిషిని అడగాలన్న ఆలోచన ఆ గదిలో ఎవరికీ రాలేదు.

ఏడాది చివరకు వస్తుండగా చిన్న గది మేడమ్ కొత్తమ్మాయి తల్లిని పిలిచింది. వచ్చే ఏడాది సైన్స్ పరీక్ష రాసే తరగతిలో చేర్చాలా, చిన్న గదిలోనే ఉంచాలా అన్నది తేల్చాలి. మాస్టారు ఒక ప్రయోగం ముందు పెట్టి అడుగుతారు. పిల్ల విని, చేసి, నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే చిన్న గదే. అటు వెళ్ళినవాళ్ళు ఇక సైన్స్ పరీక్ష రాయరు. ఆ పరీక్ష లేనివాళ్ళను కరెంటు పని నేర్పే కాలేజీ గుమ్మం తొక్కనివ్వదు.

"మీరున్నారు కదమ్మా పక్కన" అంది తల్లి, ఆంటీ చెయ్యి పట్టుకుని. "మీరుంటే నాకు దిగుల్లేదు."

ఆంటీకి కొమ్ములు మొలిచినంత పనయింది. మర్నాటి నుంచి తినే వేళలో కూడా పిల్ల చెవిని వదల్లేదు. అంతా చేసి వారం తిరిగేసరికి గొంతు పోయింది. జలుబుతో కాదు, వాగుడుతోనే. డాక్టరు చూసి, "గుసగుసలు అసలే వద్దు" అన్నాడు. ఈసారి ఆయన చెప్పింది పెంచి చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

అయినా బడి మానలేదు. తను లేకపోతే పిల్ల ఏమైపోతుంది? వెళ్ళి తన చోట కూర్చుంది, చెవి పక్కన, నోరు మూసుకుని. మాస్టారు బల్లల మీద తీగలూ బల్బులూ పెట్టించి మొదలుపెట్టాడు. పిల్ల అలవాటు చొప్పున ఎడమ వైపుకు తల వంచింది. అక్కడ చప్పుడు లేదు. కాసేపు అయోమయంగా చూసింది. తర్వాత మెడ నిటారుగా పెట్టి, మాస్టారి నోటి వైపు, చేతుల వైపు చూసింది. పక్కపిల్లను మోచేత్తో పొడిచి ఏదో అడిగింది, రెండే రెండు ఇంగ్లీషు ముక్కల్లో. ఆ పిల్ల తీగ పెట్టి చూపించింది. కొత్తమ్మాయి అడ్డంగా తలూపి, ఆ తీగ ఊడదీసి ఇంకోచోట పెట్టింది. బల్బు వెలిగింది. మాస్టారు ఏదో జోకు వేశాడు. కొత్తమ్మాయి అందరితో పాటే నవ్వింది.

ఆంటీకి ఆ నవ్వు ముల్లులా గుచ్చుకుంది. అర్థమై నవ్విందా, ఊరికే నవ్విందా? అడుగుదామంటే గొంతు లేదు.

గొంతు తిరిగొచ్చిన రోజు, పోయినదంతా పూడ్చుకోవాలన్నట్టు రెట్టింపు వేగంతో అందుకుంది. పాఠం సగంలో పిల్ల మెల్లగా చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆంటీ... ఏమనుకోకండి."

"ఏంటమ్మా?"

"మీరు మాట్లాడుతుంటే ఆయన వినబడట్లేదు."

"ఆయన చెప్పేదేగా నేను చెప్పేది!"

"అవుననుకోండి. కానీ మీరు చెప్పేస్తే ఇక ఆయన్ని వినబుద్ధి కాదు. ముందు నన్ను విననివ్వండి. తెలీకపోతే నేనే అడుగుతా."

ఆంటీ మూతి ముడుచుకుని ఇంటికి వెళ్ళింది. మొగుడు బస్సు నడిపే మనిషి. రోజంతా రోడ్డు మీద నోరు మూసుకుని ఉండే ఆయనకు సాయంత్రం కాస్త సరదాగా ఉంటుంది. విషయం విని టీ కప్పు కింద పెట్టాడు.

"పోనీలే, ఒక్కరైనా ధైర్యం చేశారు."

"అంటే?"

"మొన్న మా డిపో మేనేజరు ఫోన్లో నన్ను ఎలా ఉన్నావని అడిగితే, నువ్వేగా జవాబు చెప్పావు?"

"మీకు నడుం నొప్పని చెప్పాను, తప్పా?"

"నాకు లేదే నడుం నొప్పి!"

ఆమె ఆ సాయంత్రమంతా ఆయనతో మాట్లాడలేదు. ఆయన దాన్ని బాగానే ఆస్వాదించాడు. ఆమె మాత్రం ఉల్లిపాయలు తరుగుతూ ఒకటే లెక్క వేసుకుంది: ఇన్నాళ్ళలో ఆ పిల్ల గొంతు తరగతిలో ఎన్నిసార్లు విన్నది? తన గొంతు పోయిన రోజే. ఆ లెక్క ఆమెకు బొత్తిగా నచ్చలేదు. ఉల్లిపాయల మీద నెపం పెట్టి కళ్ళు తుడుచుకుంది.

పరీక్ష రోజు సైన్స్ గదిలో మాస్టారు, చిన్న గది మేడమ్, పిల్ల, ఆంటీ. బల్ల మీద రెండు బల్బులు ఒకే తీగ మీద వెలుగుతున్నాయి. మాస్టారు ఒక బల్బు ఊడదీశాడు. రెండోది కూడా ఆరిపోయింది. ఆయన ఎప్పటిలాగే ఆంటీ వైపు తిరిగాడు.

"రెండోది ఎందుకు ఆరిందో అడగండి."

ఆంటీ నోరు తెరిచింది. జవాబు ఆమెకు తెలుసు, ఇన్నాళ్ళూ ఆ పాఠాలు విన్నది కదా. పిల్ల తరఫున పొందికైన ఇంగ్లీషులో చెప్పడం ఆమెకు చిటికెలో పని. ముగ్గురూ సంతోషిస్తారు.

"ఆ అమ్మాయి ఇక్కడే ఉంది సార్" అంది. "దాన్నే అడగండి."

మాస్టారు తడబడ్డాడు. పిల్ల వైపు చూసి అడిగాడు. మేడమ్ గడియారం చూసింది. పిల్ల కళ్ళు ఎడమ వైపుకు తిరిగాయి. ఆంటీ పెదవులు దురద పెట్టాయి. ఇంకో క్షణం అక్కడే కూర్చుంటే తన నోరు ఆగదు. తన సంగతి తనకు తెలియదా? లేచి, కుర్చీ ఎత్తుకుని, "నేను బయటుంటాను" అని తలుపు తీసుకుని వచ్చేసింది. కుర్చీ ఎందుకు తెచ్చుకుందో ఆమెకే తెలియదు. అది అక్కడే ఉంటే మళ్ళీ వెళ్ళి కూర్చుంటాననే భయం కావచ్చు.

వరండాలో గోడ వైపు తిరిగి కూర్చుంది, తలుపు అద్దంలోంచి చూడకుండా. లోపల చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక సన్నని గొంతు. ఆగి ఆగి, ముక్కలు ముక్కలుగా.

సరిగ్గా అప్పుడే ప్లేట్ల బండి తోసుకుంటూ తోడికోడలు అటువైపు వచ్చింది. కుర్చీ చూసింది, కన్నీళ్ళు చూసింది, కదులుతున్న పెదవులు చూసింది. ఏమైందని అడగలేదు. అడిగితే కబురు చెడిపోదూ! బండి వెనక్కి తిప్పుకుని వంటగదికి పరుగు తీసింది.

పిల్లను పరీక్ష రాసే తరగతిలోనే వేశారని వారం తర్వాత తెలిసింది. ఆంటీని గెంటేసిన పాపానికి బడివాళ్ళు జాలిపడి వేశారని తోడికోడలు దానికీ ఒక దారి కనిపెట్టింది. ఆంటీ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. ఊరందరి తరఫునా మాట్లాడిన మనిషికి తన తరఫున మాట్లాడే అలవాటు లేకపోయింది.

వరండాలో ఆమె గొణుక్కున్నది ఏడుపు కాదు. "ఒకటే దారి. దారి తెగింది. అందుకే రెండూ పోయినయ్. ఇంకో తీగ ఇవ్వండి, రెండు దారులు చేస్తా." లోపలి నుంచి వినబడిన ఇంగ్లీషును, పాత అలవాటు మానలేక, తనకు తానే తెలుగులో చెప్పుకుంటోంది. లోపల మాట్లాడుతున్నది ఆ పిల్ల.