గేటు పడ్డా ఆగని ఇంజను

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మా బావ నిద్రలోనే పోయాడని మేనల్లుడు గద్వాల నుంచి ఫోను చేసినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆయన పాత మోటారు సైకిలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. చావు కబురు విని నవ్వినవాడికి ఇలాంటివి రాసే అర్హత ఎక్కడిదని కలం పక్కన పెట్టాను. మా అక్కే ఊరుకోలేదు. "ఆయన ముచ్చట నువ్వు రాయకుంటే ఎవలు రాస్తరురా" అంది.

బావ చీరల నూలుకు రంగులు వేసేవాడు. పట్టు అంచుకీ నూలు బట్టకీ రంగు కుదర్చడం ఎంత కష్టమో చెప్పడం మొదలుపెడితే బండి దాకా రాలేను, వదిలేస్తున్నాను.

బండిలో గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ అరిగిపోతే అలాంటిదే వేయించమని అందరం చెప్పాం. ఆయన నాగర్‌కర్నూల్‌లో పాత సామాన్ల దుకాణంలో పెద్ద బండిదొకటి చూసి మనసు పారేసుకున్నాడు. పెద్ద నోరైతే ఎక్కువ గాలి, ఎక్కువ గాలైతే ఎక్కువ బలమని ఆయన లెక్క. ఖాళీ రోడ్డు మీద లెక్క నిజమే, బండి ఉరికేది. నెమ్మదిగా పోవాల్సి వస్తేనే, చిన్న ఇంజను పీల్చే గాలి ఆ పెద్ద నోటికి చాలక ఆగిపోయేది.

అలా వనపర్తిలో ఓ పెళ్లి ఊరేగింపు వెనక ఆగింది. పట్టుచీరతో అక్క దిగి నడిచింది, పెళ్లివారు బండి తోశారు. ఆ రోజే అక్క తేల్చేసింది.

"రైలు గేటు పడి, మల్ల లేసేదాక గీ ఇంజను ఆగకుంట ఉండాలె. అప్పుడు కూసుంట. అప్పటిదాక నాకు బస్సే."

అన్నంత పనీ చేసింది. ఆత్మకూరుకు బస్సులో అక్క, వెనకే బండి మీద బావ. బస్సు ఆగిన చోటల్లా ఆయన బండీ ఆగేది. బస్సు మాత్రం మళ్లీ కదిలేది.

ఆదివారమొస్తే విప్పేవాడు. కార్బురేటర్ సూదిని ఓ గాడి పైకి, ఓ గాడి కిందికి జరిపి, ఊరి చివరి దాకా పోయొచ్చి ప్లగ్గు ఊడదీసేవాడు. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ, వక్క రంగుకు రావాలి. ఆ రంగు చెప్పమని మళ్లీ అక్క దగ్గరికే. రంగుల్లో తన కన్నుకన్నా ఆమె కన్నునే నమ్మేవాడు. ఆమె బియ్యం ఏరుతూ ఓసారి చూసి "ఇంక నలుపే" అనేది.

నాకు తెలిసిన రిపేరంతా ఆయన పక్కన పీటేసుకుని నేర్చుకున్నదే. సరైన సైజుది పెట్టుకోరాదా బావా అంటే, "అది పెడితే ఐతారం ఏం చెయ్యాలె బామ్మర్దీ" అనేవాడు.

గేటు పడాలని కోరుకునే మనిషిని గద్వాలలో ఆయన్నొక్కణ్నే చూశాను. అందరూ ఇంజన్లు ఆపేస్తే ఈయన ఆపకుండా చెవొగ్గి వినేవాడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే జర ఊకోమనేవాడు. అంతలో అదే ఆగిపోయేది.

పోయిన చలికాలం ఓ రోజు గేటు పడి లేచేదాకా ఆగలేదు. ఇంటికొచ్చి అక్క చూస్తుండగా వెనక సీటు తుడిచాడు. ఆమె నిజమేనా అని అడగలేదు, చెప్పులేసుకుని వచ్చి కూర్చుంది. నేను నా స్కూటర్ మీద వెంట వెళ్లాను.

గేటు పడింది. అందరం ఇంజన్లు ఆపాం. బావ బండి నిదానంగా ఆడుతూనే ఉంది. ఆయన వెనక్కి తిరిగి అక్క మొహం చూశాడు.

"విన్న గానీ, ఆపయ్యా. పెట్రోలు దండగ" అంది.

బావ ఆపేశాడు. గూడ్సు బండి పోయింది.