ఆరుగురికీ ఒకటే పక్కటెముక

ఎనభైల మొదట్లో మా కంపెనీ లిబియా పంపబోయే తాపీ పనివాళ్ల ఆరోగ్య పరీక్షలు చూడటానికి హైదరాబాదు నుంచి నర్సీపట్నం వెళ్లాను. పరాయి దేశంలో జబ్బుపడితే చూసే దిక్కుండదని, ఊపిరితిత్తులు బాగున్నవాళ్లనే పంపేవాళ్లం.

బస్టాండు పక్క హోటల్లో వాళ్ల పెద్దమేస్త్రి ఆరుగురి పేర్లతో ఆరు ఛాతీ ఎక్స్‌రేలు ఇచ్చాడు. వెలుతురుకు ఎత్తి చూసి నిర్ఘాంతపోయాను. ఆరింటిలోనూ అదే పక్కటెముక, అదే చోట విరిగి అతుక్కుని ఉంది.

“ఇవన్నీ ఒక్కడివేనా?”

“మా అప్పల్నాయుడివండి,” అన్నాడు, దాపరికమేమీ లేకుండా. “సిన్నప్పుడు జీడిమావిడి సెట్టు మీంచి పడిపోనాడు గానండి, ఆడి ఊపిరి మా ఊళ్లోకెల్లా గట్టిదండి. పాపం, అందరి పేరునా ఆడే నిలబడ్డాడు.”

“మిగతావాళ్లు ఎందుకు తీయించుకోలేదు?”

పెద్దమేస్త్రి నన్ను వింతగా చూశాడు.

“ఏటి బాబూ, ఆళ్లు దగ్గుతున్నారు కదండీ!”