దేవుడి కార్డు పైన, ఆమె బయట

అరవైల చివర్లో బెంగళూరులో మా ఫ్యాక్టరీకి కంప్యూటర్ వచ్చింది. గదికి తోరణం కట్టారు, యంత్రానికి కుంకుమ పెట్టారు. అంతవరకు ఓర్చుకున్నాను.

నేను అసెంబ్లీ భాషలో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఒక్కో ఆదేశానికి చిల్లులు కొట్టిన ఒక్కో అట్ట కార్డు. కాగితం మీద అచ్చు పడాల్సిన మాటల్ని కూడా అంకెలుగా మార్చి, కార్డు మీద కొట్టించి, మెమరీలో దాచాలి. యంత్రానికి ఆదేశమూ అంకే, అక్షరమూ అంకే. తేడా దానికి తెలియదు; పై కార్డు నుంచి వరసగా ఆదేశాలనుకుని చేసుకుపోతుంది. అందుకే ఆదేశాలన్నీ అయ్యాక, అడుగున మాటలు పెడతాం.

మొదటిసారి నడిపేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో ‘శ్రీరామ’ అని అచ్చు వేయాలన్నారు మా ఆఫీసరు. రాశాను. ఆ కార్డు కట్టలో అడుగున ఉండడం ఆయన కంటపడింది.

“దేవుని పేరు అడుగున పెడతారేమప్పా? పైకి తీసి పెట్టమ్మా,” అని కార్డులు కొట్టే ఆవిడతో అన్నారు.

“పైన పెడితే మిషన్ దాన్ని ఆదేశమనుకుంటుంది సార్,” అన్నాను.

“అంగడి చీటీ రాసినా పైన శ్రీ రాస్తాం. దీనికేమన్నా కొమ్ములుండాయా?”

ఊరుకున్నాను. ఆ పాపం నాది. ఆవిడ కార్డు పైకి మార్చింది. ఆవిడే మీట నొక్కింది. నొక్కగానే ఎర్రదీపం వెలిగి యంత్రం ఆగిపోయింది.

ఆఫీసరు కార్డు వైపు చూడలేదు, ఆవిడ బోసి నుదురు వైపు చూశారు. పేటలో మగ్గం నేసే భర్త పోయాక, ఇద్దరు పిల్లల్ని ఆ జీతంతోనే సాకుతోంది.

“శుభకార్యంలో ఈమె చెయ్యి వద్దని ముందే అనుకుంటి. రేపట్నుంచి రావద్దులే!”

నాకు ఒళ్లు మండిపోయింది. కార్డు లాగి అడుగున పెట్టాను. “మీరే నొక్కండమ్మా,” అన్నాను. అదే చెయ్యి. అదే మీట. కాగితం మీద ‘శ్రీరామ’ పడింది.

“చూసినారా, స్వామి కరుణించినాడు!” అన్నారు ఆఫీసరు, సిగ్గు లేకుండా.

ఆవిడ కదల్లేదు. “స్వామి సంగతి సరే సార్. నా పని ఉండాదా లేదా, అది చెప్పండి.”

గదిలో అందరూ ఆయన్నే చూస్తున్నారు.

“ఉండాది, ఉండాది. పో.”

తప్పయిందన్న మాట మాత్రం ఆ నోట రాలేదు. ఆ ఏడాది ఆయుధపూజ నాడు ఆమెను గది బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపల వాళ్లు పసుపు కుంకుమలు చల్లి మొక్కిన కట్టలో ప్రతి కార్డూ ఆమె కొట్టిందే.