ఇడ్లీ ప్లేటుకు జ్వరం

పదిహేను రోజుల కిందట పొద్దున కామారెడ్డి నుంచి బావ ఫోన్ చేశాడు. నేను ఎల్లారెడ్డిలో మా ఇంటి ముందు కూర్చుని టీ తాగుతున్నాను. "అమ్మ పోయిందిరా," అన్నాడు. నేను గ్లాసు కింద పెట్టాను. మళ్లీ తనే, "టీ తాగుకుంటనే పోయింది. సాసర్ల సగం మిగిలింది," అన్నాడు. మా మేనత్త జీవితంలో టీ మిగల్చడం అదే మొదటిసారి. ఆఖరిసారి కూడా అదే.

అంత్యక్రియలకు వచ్చినవాళ్లలో సగం మంది మా బంధువులు కారు. కాలిపోయిన బోరు మోటారును ఆటోలో వేసుకుని ఎప్పుడో ఒకనాడు ఆమె దుకాణం షట్టరు ముందు నిలబడ్డ రైతులు. ఆమె ఎవరో తెలియని మీకు ఆమె గురించి చెప్పాలంటే ఆ షట్టరు దగ్గరే మొదలుపెట్టాలి.

మామది మోటార్లకు రాగి తీగ చుట్టే దుకాణం. అత్త అదే దుకాణంలో ఒక మూల కూర్చుని బీడీలు చుట్టేది. ఒకసారి మామ చెయ్యి విరిగి పట్టీ వేశారు. వాకిట్లో ఆరు మోటార్లు. అత్త బీడీల చాట పక్కకు పెట్టి తీగ అందుకుంది, మళ్లీ చాట పట్టలేదు. కొన్నాళ్లకు అసలు మెకానిక్ ఎవరో కామారెడ్డిలో అందరికీ తెలిసిపోయింది. పోయేదాకా తెలియనిది మామ ఒక్కడికే.

బీడీలు మానినా బీడీల లెక్క మానలేదు. బీడీ కట్టకు ఇరవై అయిదు కాబట్టి ఆమెకు ఇరవై అయిదు అనే అంకెతో పని ఉండేది కాదు. యాభై చుట్లంటే రెండు కట్టలు. యాభై మూడంటే రెండు కట్టల మూడు బీడీలు. కార్ఖానాలో బాగాలేవని కొన్ని ఏరి పారేసేవాళ్లు కనుక ఇంట్లోనే నాలుగు ఎక్కువ చుట్టి పట్టుకెళ్లడం బీడీ చేసే ఆడవాళ్లకు అలవాటు. ఆ అలవాటుకొద్దీ తీగకు కూడా ఒకటి రెండు చుట్లు ఎక్కువే వేసేది. "మోటార్ల ఎవడు ఏరి పారేస్తడత్తా?" అని అడిగితే, "యాడికి పోయినా ఏరెటోడు ఒకడుంటడురా," అనేది.

వేడి చూడటానికి కూడా ఆమె పద్ధతి ఆమెదే. నడుస్తున్న మోటారు మీద వేళ్ల వెనకభాగం ఆనించి కళ్లు మూసుకునేది, పిల్లల నుదురు చూసినట్టు. "మనిషికి జరమొచ్చినంత ఉంటె నడువనియ్. అన్నం ఉడికేటంత ఉంటె బంద్ జెయ్." మీటర్లు చూడటం రాక కాదు. మీటరు బ్యాటరీ అయిపోతే అబద్ధమాడుతుందని ఆమె అనుమానం.

ఇక నా సంగతి. రెండేళ్ల కిందట నాకు ఏటీవీ పిచ్చి పట్టింది. పట్నం పక్కన మూతపడ్డ ఏదో రిసార్టులో ఒకప్పుడు పిల్లల్ని తిప్పిన, బైకు లాంటి నాలుగు చక్రాల బండి. కంకులు వేసిన మా మక్కచేలో అడవి పందులు పడుతున్నాయి. గట్టు మీద బైకు జారుతుంది, ట్రాక్టరు వెళ్తే గట్టే మిగలదు, ఇదైతే సరిగ్గా సరిపోతుందని తెచ్చాను. ఊళ్లో అందరూ చుట్టూ తిరిగి చూశారు. "ట్రాక్టర్ ఈనిందా ఏంది?" అన్నాడొక పెద్దాయన. నా భార్య మాత్రం, "మంచిదే, పందులు నవ్వి నవ్వి సస్తయి," అంది.

పందులు వచ్చేది చీకటి పడ్డాకనే కదా. బండికున్న దీపం మిణుగురు పురుగుకన్నా కాస్త నయం. ఎల్ఈడీ లైటు బిగించాను. ఇంజను మెల్లగా ఉంటే అది కన్ను కొట్టింది, వేగం పెంచితే ఒకసారి ధగధగలాడి చచ్చిపోయింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. "నాలుగోది కాలిందంటె గా బండిల కోళ్లను పెడుత," అంది నా భార్య. ఆమె అన్నదంటే పెడుతుంది.

బండి వేసుకుని కామారెడ్డి పోలేను కాబట్టి, ఫోనులో తీసిన ఫొటోలు పట్టుకుని బస్సెక్కాను. అత్త ఫొటోలు చూసింది, నాలుగు ప్రశ్నలు అడిగింది. "నీ బండి కరెంటు ఎద్దు లెక్క ఎగురుతున్నది అల్లుడా. ఇంజన్ ఉరికితె అదీ ఉరుకుతది. ముందుకొకసారి, ఎనుకకొకసారి. ఎల్ఈడీ లేగదూడ, తట్టుకోదు. నడుమ ముకుతాడు ఎయ్యాలె." ముకుతాడు అంటే ఒక డబ్బా. అందులో కరెంటును ఒకే దిక్కుకు నడిపించే నాలుగు డయోడ్లు, ఎగుడుదిగుళ్లు సాపు చేసే లావుపాటి కెపాసిటరు, పన్నెండు వోల్టులు దాటనివ్వని ఒక చిన్న ఐసీ, దాని పక్కన రాగి తీగ చుట్ట.

అప్పుడే బావ లోపలికి వచ్చాడు. అంతకు ముందు ఆరు నెలల నుంచి అత్తకు చేతులు వణుకుతున్నాయి. పని తగ్గించమని డాక్టరు చెప్పాడు. షట్టరును మొబైల్ కవర్లు అమ్మేవాళ్లకు ఇచ్చేసి ఆమెను ఇంట్లో కూర్చోబెట్టాలని బావ ఆలోచన. ప్రేమతోనే. కాకపోతే అత్త ఉత్త చేతులతో కూర్చోవడం ఎవరూ చూసి ఉండలేదు.

"అమ్మా, సన్న పనులు నీతోని గావు. ఎందుకు ఒప్పుకుంటున్నవ్?"

అత్త గోడకున్న తాళంచెవిని చూపించింది. "ఈ డబ్బ నడిస్తె షట్టర్ నాది. నడువకుంటె తాళం నీకిస్త. మల్ల అడుగ."

నేను నా మక్కచేను కోసం వచ్చాను. ఆమె చేతులను పందెంలో పెట్టించి బస్సెక్కాను.

వారం పట్టింది. టంకం వేసేటప్పుడు మోచేతుల కింద రెండు ఇటుకలు పెట్టుకుని వణుకు ఆపుకున్నదట. ఐసీ వేడెక్కితే ఆ వేడిని లాగేయడానికి అల్యూమినియం రేకు కావాలని ఫోనులో చెప్పింది. దుకాణంలో దొరికేది తేనా అంటే, "మీ ఇంట్ల ఇడ్లీ ప్లేటు లేదా?" అంది. ఉంది. నాలుగు అంతస్తుల ఇడ్లీ స్టాండు ఆనాటి నుంచి మూడంతస్తులే. దాని గురించి నా భార్య ఇప్పటికీ మాట్లాడుతుంది, ముఖ్యంగా చుట్టాలు వచ్చినప్పుడు.

డబ్బాను దారంతా ఒళ్లో పెట్టుకుని వచ్చి అత్త స్వయంగా ఎల్లారెడ్డిలో బస్సు దిగింది. డబ్బాకు ఇడ్లీ ప్లేటు తగిలించింది. సైకిలు ట్యూబు ముక్కలు కోసి, ప్లేటుకూ బండికీ నడుమ పెట్టి బిగించింది. "ఈ ప్లేటు బండి ఇనుముకు తాకొద్దు. తాకిందంటె డయోడ్లు గయా. యాదుంచుకో," అని రెండుసార్లు చెప్పింది. మధ్యాహ్నం కావడంతో మక్కలు పోసే కొట్టు కిటికీలకు గోనెసంచులు కట్టి, బండిని లోపలికి తోసి, స్టార్ట్ చేశాం. లైటు వెలిగింది. వేగం పెంచాను. వణకలేదు, కన్ను కొట్టలేదు. గోడ మీద బల్లి కూడా స్పష్టంగా కనబడింది. అత్త ప్లేటు మీద వేళ్లు ఆనించి కళ్లు మూసుకుంది.

"జరం," అంది. "ఉత్త జరమే." ఆ తర్వాత సాసరులో టీ పోసుకుని, చేతులు వణుకుతున్నా ఒక్క చుక్క కింద పడకుండా తాగింది.

ఆ సాయంత్రం చేను చుట్టూ రెండు చుట్లు తిరిగాను. ఊరు ఊరంతా బయటికొచ్చి చూసింది. ట్రాక్టర్ ఈనిందా అన్న పెద్దాయనే, "అబ్బో, పెండ్లి ఊరేగింపుకు పెట్రోమాక్స్‌ అక్కరలేదు," అన్నాడు. అంతమంది కళ్లు పడ్డాయి కదా అని ఇంటికి రాగానే నేనొక మంచి పని చేశాను. నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి బండికి దిష్టి కట్టాను. దారం ఎండకు తెగుతుందని ఇనుప తీగకు గుచ్చాను. కట్టడానికి ఇడ్లీ ప్లేటుకు చక్కని చిల్లులు ఉండనే ఉన్నాయి.

మర్నాడు స్టార్ట్ చేస్తే చిటపట శబ్దం, కాలిన వాసన, లైటు లేదు.

అత్తకు ఫోన్ చేసి చెప్పాను. "చేతులు పోయినయి అల్లుడా," అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. డబ్బా పట్టుకుని నేను కామారెడ్డి వెళ్లేసరికి రెండు రోజులైంది. షట్టరుకు తాళం. అత్త ఇంట్లో గోడవైపు కూర్చుని ఉంది. బావ తాళంచెవిని జేబులో పెట్టుకుని, గెలిచినవాడిలా కాక దొంగతనం చేసినవాడిలా తిరుగుతున్నాడు.

సంచిలోంచి డబ్బా తీసి ఆమె ముందు పెట్టాను. నేను విప్పింది బోల్టులు మాత్రమే. నిమ్మకాయను విప్పడానికి భక్తి అడ్డొచ్చింది. అది ప్లేటు నుంచి అలాగే వేలాడుతోంది, ఒక పక్క మాడి.

అత్త నిమ్మకాయను చూసింది. తీగను చూసింది. తీగ కొస నల్లబడి ఉంది.

"ఇది యాడ తాకుతుండె?"

"బండి రాడ్‌కు... కొంచెం."

ఆమె ఆ కొసను గోటితో గీకింది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని బావ పరుగెత్తుకొచ్చాడు. అత్త నవ్వుతోంది. కళ్ల నుంచి నీళ్లు కారేదాకా నవ్వింది. "కరెంటుకు భక్తి తెల్వదురా పిచ్చోడా! నాకు తలిగిన దిష్టి ఎవలదో కాదు, నీదే!" అని, కొడుకు వైపు చెయ్యి చాపింది. బావ మారు మాట్లాడకుండా తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు. నాకప్పుడు నవ్వు రాలేదు. నా తెలివికి ఆమె రెండు రోజులు తన చేతుల్ని తానే నమ్మలేదు. ఆ రెండు రోజులు నేను తిరిగి ఇవ్వలేను.

అరగంటలో డయోడ్లు మార్చింది. నిమ్మకాయ తీసేయమంటుందనుకున్నాను. తీసేయమనలేదు. నూలు దారం ఇచ్చింది. "దీంతోని కట్టు. దేవునికీ ఇబ్బంది ఉండదు, నాకూ ఉండదు."

ఆ తర్వాత ఏడాదిన్నర షట్టరు తెరిచే ఉంది. అత్త పోయిన రోజు కూడా లోపల ఒక మిక్సీ మోటారు సగం చుట్టి ఉందట. బావ లెక్కపెట్టాడు. ఒక కట్ట పూర్తయింది, రెండో కట్టలో పదకొండు బీడీలు. ఆ తీగ తెంపడానికి అతనికి చెయ్యి రాలేదు. షట్టరు ఏం చేస్తావని నేను అడగలేదు.

కర్మలు అయ్యాక నిన్న ఎల్లారెడ్డి వచ్చాను. పొద్దు గుంకుతుంటే చేనుకు వెళ్లాలి. బండి స్టార్ట్ చేశాను, లైటు వెలిగింది. దారానికి నిమ్మకాయ ఊగుతోంది. ఇంజనును అలాగే నడవనిచ్చి, వంగి, ఇడ్లీ ప్లేటు మీద వేళ్ల వెనకభాగం ఆనించాను. కళ్లు మూసుకున్నాను.

జ్వరమే, అత్తా. ఉత్త జ్వరమే. చాలాసేపు చెయ్యి తీయలేదు.