సేఫ్టీకి ఇంకో టేక్

పోయిన వారం టోలిచౌకిలో కళ్ళజోడు బాగుచేయించుకోవడానికి వెళ్ళి బెంచీ మీద కూర్చుంటే, గోడకున్న టీవీలో పాత డబ్బింగ్ సినిమా ఒకటి వస్తోంది. కొత్త నేలకు వలసవెళ్ళి అక్కడే స్థిరపడ్డ జనం, సముద్రం అవతలి నుంచి తమను ఏలే రాజు మీద తిరగబడి స్వాతంత్ర్యం తెచ్చుకునే కథ అది. రాజు సైనికులు ఒక కుర్రాణ్ణి ఉరి తీస్తారు. వాడి తల్లి వేసిన కేక వినగానే నేను లేచి బయటికి వచ్చేశాను. తెర మీది ఆ తెల్లతల్లి ఎవరో నాకు తెలియదు, కేక మాత్రం మా వదినది.

వదిన అంటే మా ఆయనకు అక్క. గుంటూరు వైపు నుంచి వచ్చి, జూబ్లీహిల్స్ గుట్ట దిగువన, ఫిల్మ్‌నగర్ బస్తీలో రేకుల ఇల్లు వేసుకుని, ఆ దగ్గరే ఉన్న డబ్బింగ్ థియేటర్లో పనికి కుదిరింది. వెనకాల నన్నూ తీసుకెళ్ళింది. తెల్లవాళ్ళు తెలుగులో మాట్లాడితే హాలంతా ఈలలు వేసిన రోజులవి, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కాగితం చూసి చదవగలిగినవాళ్ళు మైకు ముందు నిలబడి పాత్రలకు మాటలు చెప్పేవారు. చదువు రాని మేము వెనక గుంపుగా నిలబడి జనం అరుపులు, తిట్లు, ఏడుపులు ఇచ్చేవాళ్ళం. నేను అక్షరాలు దిద్దుకున్నది ఈ మధ్యనే, మనవరాలి పక్కన కూర్చుని. అప్పట్లో నాకు నోరే ఆస్తి.

ఆ సినిమాతో మాకు వచ్చిన మొదటి చిక్కు నవ్వులాటగానే ఉండేది. స్వాతంత్ర్యం కథ అనగానే తెల్లవాడు కనపడితే తిట్టడం మాకు అలవాటు. తెర మీద రాజు మనిషి మాట్లాడినా, తిరగబడ్డవాళ్ళ నాయకుడు మాట్లాడినా మేమంతా కలిసి శాపాలు పెట్టేశాం. ఇన్‌ఛార్జి, అంటే మమ్మల్ని పిలిపించి పని చేయించుకునే పెద్దమనిషి, తల పట్టుకున్నాడు. మా గుంపులో బోరబండ నుంచి వచ్చే ఆవిడ ఊరుకునే రకం కాదు.

"గీళ్ళూ తెల్లోళ్ళే, గాళ్ళూ తెల్లోళ్ళే. మేం ఎవల దిక్కు మొత్తుకోవాలె సార్?"

"ఎర్రకోటు కనపడితే తిట్టండి, చిరిగిన కోటు కనపడితే ఏడవండి. అంతకు మించి మీకెందుకమ్మా?"

అలా కోట్లు చూసుకుని ఆ పూటంతా తిట్టాం, ఏడ్చాం. నాయకుడు మిద్దె మీద నిలబడి, రాజుకు ఎన్ని అర్జీలు పంపినా ఒక్కటీ విప్పి చూడలేదనీ, ఇకమీదట ఈ నేల మనదనీ, ఈ గొంతు మనదనీ అంటుంటే మేము "మనది, మనది" అని గొంతెత్తి అరిచాం. అందరికన్నా గట్టిగా వదినే అరిచింది. ఏ అరుపైనా అడిగిన వెంటనే ఇచ్చేది, అందుకే ఆవిడంటే ఇన్‌ఛార్జికి గురి.

మధ్యాహ్నం ఉరి సీను వచ్చింది. అది వదిన చేయవలసింది.

ఇక్కడొక మాట చెప్పాలి. అంతకు కొద్ది నెలల ముందే వదిన ఒక్కగానొక్క కొడుకు, సినిమా సెట్లలో వడ్రంగం చేసే పిల్లాడు, పరంజా మీద నుంచి పడి చనిపోయాడు. శవపెట్టె మూసేటప్పుడు కూడా వదిన ఏడవలేదు. వాడి చొక్కా ఒడిలో పెట్టుకుని, మడతలు విప్పుతూ మళ్ళీ మడుస్తూ కూర్చుంది. ఊళ్ళో తెరలన్నిటికీ ఏడ్చిపెట్టే మనిషికి సొంత కొడుకు పోతే కన్నీళ్ళు రాలేదని బస్తీ అంతా చెప్పుకున్నారు. ఆ ఏడుపు మేకులా ఆవిడ లోపలే దిగిపోయిందని నాకు తెలుసు. ఆ రోజు పూలదండ పట్టుకుని వచ్చినవాళ్ళలో ఇన్‌ఛార్జి కూడా ఉన్నాడు.

వదిన ఎన్నిసార్లు ఏడ్చినా ఆయనకు నచ్చలేదు. అద్దం అవతల కూర్చుని, సినిమా ఏడుపులు వద్దంటాడు. చివరికి తెర మీద బొమ్మ ఆపించి, మైకులో చాలా మెత్తగా అన్నాడు.

"తెర చూడకమ్మా. కళ్ళు మూసుకో. మీవాడు పరంజా మీద ఉన్నాడు. చెక్క కదిలింది. నిన్నే పిలుస్తున్నాడు."

వదిన కళ్ళు మూసుకుంది. అప్పుడు వచ్చిన కేకను నేను రాయలేను. దూది కుక్కిన గోడల గది కాబట్టి బయట ఎవరికీ వినపడలేదు గానీ, బోరబండ ఆవిడ చెవులు మూసుకుని గోడవైపు తిరిగింది. సౌండు ఇంజనీరు రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఇన్‌ఛార్జి కళ్ళజోడు తీసి నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుని, మళ్ళీ మైకు బటన్ నొక్కాడు.

"అద్భుతం అమ్మా. సేఫ్టీకి ఇంకో టేక్."

మొదటిది ఎక్కడైనా చెడిపోతే అక్కరకు వస్తుందని ఇంకొకటి తీసి పక్కన పెట్టుకోవడం అక్కడి పద్ధతి. వదిన పద్ధతి తప్పే మనిషి కాదు. నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్ళీ తెరిచింది, మళ్ళీ గాలే. "పర్లేదులే, మొదటిదే బాగుంది" అన్నాడాయన, లోపలికి టీ పంపించాడు.

గొంతులో పుండు పడిందనీ, కొన్నాళ్ళు మాట్లాడవద్దనీ డాక్టరు చెప్పాడు. ఆ కొన్నాళ్ళు గడిచినా చీకిపోయిన గుడ్డ చింపినట్టు గుసగుస మాత్రమే మిగిలింది. ఉపాధి పోయినందుకు ఆవిడ బాధపడలేదు. పొద్దున లేవగానే చెప్పులు వేసుకుని, నన్ను తోడు తీసుకుని థియేటర్‌కు నడిచేది. ఆవిడకు కావలసింది ఒక్కటే, ఆ కేకను తుడిచేయాలి. అది సినిమా కోసం ఏడ్చింది కాదని, పిల్లాడి కోసం దాచుకున్నదని ఆవిడ గుసగుసలాడేది, నేను పైకి చెప్పేదాన్ని.

ఇన్‌ఛార్జి మొదట నవ్వాడు. "ఏడ్చిన ఏడుపు తిరిగి అడిగేవాళ్ళను మిమ్మల్నే చూశానమ్మా." తరవాత విసుక్కున్నాడు. "ఆ కేక సినిమాతో పాటే సముద్రం దాటి కంపెనీవాళ్ళ దగ్గరికి పోయింది తల్లీ, అది వాళ్ళ సొత్తు. వాళ్ళు ఊ అంటే తప్ప ఇక్కడ వెంట్రుకంత ముక్క కూడా చెరపలేను. గొంతు బాగుపడనీ, ఇంకో మంచి ఏడుపు ఇస్తాను."

అవతలి వాళ్ళంటే ఎవరో ఆయనకూ సరిగ్గా తెలియదు. సినిమాలో వాళ్ళు రాజుకు అర్జీలు పంపి పంపి విసిగి తుపాకులు పట్టారు. మాకు అర్జీ రాయడమే రాదు. కొన్నాళ్ళకు వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేయడం మొదలుపెట్టాడు. ఆ తరవాత వదిన జూబ్లీహిల్స్‌లో ఒక ఇంట్లో అంట్లు తోమే పనికి కుదిరింది. నోరు లేని మనిషి దొరికిందని ఆ ఇంటివాళ్ళు సంతోషించారు. సినిమా బాగా ఆడింది. బస్తీ కుర్రాళ్ళు ఆ కేకను ఎగతాళిగా అనుకరిస్తూ గుడిసెల మధ్య పరుగులు పెట్టేవారు. అది ఎవరిదో తెలిసి కూడా. వదిన తలుపు వేసుకునేది.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. పాత గుంపులో మిగిలినవాళ్ళమంతా వచ్చాం. అడిగిన క్షణంలో ఏడవగల ఆడవాళ్ళం, పెట్టె చుట్టూ కూర్చుని ఒక్కరం కూడా గొంతు విప్పలేదు. ఇదేం చావిల్లని పక్కవాళ్ళు విడ్డూరపోయారు. గుమ్మం దగ్గర ఇద్దరు ముగ్గురు వీడియో తీయడానికి ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు. మేము చీర చెంగులు నోట్లో కుక్కుకుని, మట్టి కప్పేదాకా అలాగే ఉన్నాం.

ఇప్పుడు గుంపులను పిలవడం లేదట, ఒక్క కేక దొరికితే చాలు, మిషన్ దాన్ని వెయ్యి మంది ఏడ్చినట్టు చేస్తుందట. చేయనీ. నా చిన్నతనంలో ఏ ఇంట్లో ఎవరు పోయినా ఏడుపు నాలుగు వీధుల దాకా వినిపించేది, వంట చేసుకుంటున్నవాళ్ళు గరిటె ఆపి వినేవాళ్ళు. ఎంతమంది విన్నా ఆ ఏడుపు ఆ ఇంటిదిగానే ఉండేది.