రాయకుండా వదిలిన కొలత

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, శింగనమలలో ఒక అక్కవాళ్ళ కొత్త వంటింట్లో నిలబడి, "ఇది మేస్త్రీ చేసిన తప్పక్కా" అని నేను అబద్ధమాడిన రోజు నుంచి నా సాక్ష్యం మొదలుపెడతాను. తప్పు నాది. ఆ మేస్త్రీ బయట గోడకు పూత పూస్తున్నవాడు, పిలిస్తే వచ్చి, చేతికంటిన సిమెంటు గోక్కుంటూ నా ఎదుటే నిలబడి ఉన్నాడు.

అప్పటికి నేను బెంగళూరులో ఇంటీరియర్ డిజైన్ కోర్సు చదివి వచ్చి, అనంతపురంలో పని మొదలుపెట్టి ఏడాది కాలేదు. మా జిల్లాలో చెక్కకు వెల ఉంది, రాయికి వెల ఉంది, వడ్రంగి కూలికి వెల ఉంది, కానీ కూర్చొని ఆలోచించి గీసినదానికి వెల ఎంతని ఎవరూ అడగలేదు, చెబితే పోతారేమోనన్న భయంతో నేనూ చెప్పలేదు. డ్రాయింగు ఊరికే గీసిస్తాను, పని మాత్రం నాకే ఇవ్వండి అనేవాణ్ణి. ఇల్లు కట్టుకునేవాళ్ళు నాలుగుసార్లు మార్పించుకొని, ఆ కాగితం తీసుకుపోయి తమకు తెలిసిన వడ్రంగి చేతిలో పెట్టేవాళ్ళు. నాకు లోపల ఒకటే మంట! ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే అలమరలు కనబడేవి, ఆరాధన సగంలో లేచి బయటికి పోయి, ఏమన్నా, ఏమాలోచించినారు అని ఫోన్లు చేసేవాణ్ణి, తిరిగొచ్చి కూర్చుంటే కాలు ఆడుతూనే ఉండేది.

ఈ అక్క పేరు నారాయణమ్మ. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది, ఎక్కువసేపు నిలబడలేదు. కొత్తింట్లోనైనా ఇంకొకరి చేతివంట తినకుండా తన వంట తానే చేసుకోవాలని ఆమె ఆశ. పొట్టి స్టూలు మీద కూర్చొని వండుకునేలా వంటగట్టు ఎత్తు తగ్గించి, కింద మోకాళ్ళకు చోటు వదిలి గీశాను. ఆమెను కూర్చోబెట్టి టేపుతో మోచేతి ఎత్తు కొలిచి మరీ లెక్క వేశాను. మంచి పని అది. కానీ అంగడి నడిపే ఆమె భర్త ఓబులేసు అన్న నవ్వుతూ, "గీతలకు దుడ్లేందప్పా, చెక్కకైతే ఇస్తాం గానీ" అన్నాడు. ఆ మాట నన్ను కోసింది. చివరి కాగితంలో గట్టు ఎత్తు కావాలనే రాయలేదు. ఆ కొలత కోసమైనా నా దగ్గరికి రావాలి, అప్పుడు పని నాకే దక్కుతుందని నా లెక్క.

వాళ్ళు రాలేదు. కాగితంలో లేదు కాబట్టి వాళ్ళు పెట్టుకున్న మేస్త్రీ అన్ని ఇళ్ళలో పెట్టే ఎత్తే పెట్టి బండ పరిచాడు. ఉండబట్టలేక నేనే పోయి చూస్తే, అక్క స్టూలు మీద కూర్చొని ఉంది, గట్టు ఆమె చంకల దాకా వచ్చింది. గిన్నెలోకి చూడాలని మెడ చాచింది, తర్వాత చాచడం మానేసింది. ఓబులేసు అన్న ఇదేందని నన్నడిగాడు. నేను మేస్త్రీని చూపించాను.

"కాగితంలో యాడా రాయలేదన్నా" అన్నాడు అతను.

"లేకపోతే అడగల్ల కదా" అన్నాను నేను. అతని కూలిలో కోత పెడతానని ఓబులేసు అన్న అంటుంటే విని కూడా బస్సెక్కాను.

ఆ ఆదివారం పాస్టరయ్యగారు దొంగ తూకాల గురించి వాక్యం చెప్పారు. నేను మా బజారు అంగళ్ళవాళ్ళను ఒక్కొక్కరినే తలచుకుంటూ కూర్చున్నాను, ఇంతలో నా కాగితం నా కళ్ళముందుకొచ్చింది, ఇంక తల ఎత్తలేకపోయాను. "ప్రభువా, అడగడానికి భయపడి దొంగనైనాను. నాకు పనులు ఇయ్యొద్దు, ముందు నోరియ్యి" అని ఏడ్చాను. నెమ్మది వెంటనే రాలేదు సహోదరులారా, ఆయన నన్ను కూర్చోనియ్యలేదు, మరుసటి ఉదయమే శింగనమలకు తరిమాడు!

మేస్త్రీని కూడా పిలిపించి ముగ్గురి ముందూ ఒప్పుకున్నాను.

అక్క నన్నే చూస్తూ, "తెలిసి చేసినావా, తెలీక చేసినావా?" అంది.

"తెలిసే చేసినానక్కా."

"అడిగింటే ఇచ్చుంటిమి కదప్పా. నోరు యాడ పెట్టుకున్నావు?"

"ఈమె ఇచ్చుండునేమో, నేనైతే ఇచ్చుండనులే" అన్నాడు ఓబులేసు అన్న. మేస్త్రీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మేస్త్రీకి క్షమాపణ చెప్పి, అతని కూలి నేనే ఇచ్చి, గట్టు విప్పించి నా ఖర్చుతో మళ్ళీ కట్టించాను. బండ దించేటప్పుడు అక్క స్టూలు మీద కూర్చొని చెయ్యి చాచి, ఇంకా రెండువేళ్ళంత దించమంది. దించాం. ఆ సాయంత్రం తన చేత్తో తనే ఎసరు పెట్టుకుంది. దేవునికే మహిమ!

అప్పటినుంచి టేపు తియ్యకముందే నా గీతకు వెల చెబుతున్నాను. కొందరు లేచి వెళ్ళిపోతారు. చెప్పే ప్రతిసారీ నాకు భయం వేస్తూనే ఉంది, కానీ నాలోని మోసం పోయింది, ఆ విడుదల ఇచ్చినది నా దేవుడే. మీలో ఎవరైనా అడగలేక లోపల మండుతుంటే ఆయన్ని నమ్మండి, ముందు ఆయన దగ్గర నోరు తెరవండి, మనుషుల దగ్గర తెరిచే బలం ఆయనే ఇస్తాడు.

ఇదంతా జరగకముందే కణేకల్లులో ఇంకో ఇంటికి కూడా అలాగే ఒక కొలత దాచి ఇచ్చి ఉన్నాను. గోడలు లేవకముందే పోయి, వాళ్ళ ఎదుటే ఆ అంకె రాసిచ్చి, ఎందుకు రాయలేదో చెప్పాను. పని వాళ్ళు వేరేవాళ్ళకే ఇచ్చారు. తిరుగుబస్సులో, ఎన్నో నెలల తర్వాత, నాకు నిద్ర పట్టింది.